నడచుటకు దారి యేది?

దినమునకు అరగంట నడువుడని వైద్యులు చెప్పుచున్నారు. వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములైనను ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. హితవు మంచిదే, కాని నడచుటకు దారి యుండవలదా? కాలిబాట కనీసము 1.8 మీటర్ల వెడల్పున అడ్డు లేక యుండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో నిర్దేశించినది. పెక్కు వీథులలో ఆ చోటును విద్యుత్ స్తంభములు, మూతలేని మురుగుకాలువలు, నిలిపిన వాహనములు ఆక్రమించినవి. 2022లో మన దేశమున 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదములలో మరణించిరి.

ఈ అడ్డంకులు కార్యాలయములలోని పటములలో కానరావు. నిత్యము నడచువారికే తెలియును. 2004లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎవరైనను దిద్దగల పటము. కాలిబాట ఉన్నదా, గట్టు ఎత్తెంత, రోడ్డు దాటుచోటు ఎక్కడ అను వివరములను సెల్‌ఫోనుతోనే అందులో చేర్పవచ్చును.

అయితే ఫోను గలవారు చూచినదే పటమున కెక్కును. చేతికఱ్ఱతో నడచు అవ్వకును, చక్రముల కుర్చీలో సాగువారికిని జానెడు గట్టే గోడ యగును. కావున వారిని వెంటబెట్టుకొని పొండు. వారు ఆగిన ప్రతిచోటును గుర్తింపుడు. పిదప ఆ పటమును పురపాలక సంఘమున కందజేసి, మరమ్మతు జరుగువరకు అడుగుచుండుడు. పటము గీచినంత మాత్రమున గుంట పూడదు.