మూడేండ్ల ప్రాక్టీస్ సరే, ఆ మూడేండ్లు తినేదేంది?

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగ చదవండి.

మనోళ్లకు కోర్టు అంటే హైకోర్టు కాదు, సుప్రీంకోర్టు కాదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల ఉండే మెజిస్ట్రేట్ కోర్టే. పోలీసులు ఎవరినన్న అరెస్టు చేస్తే 24 గంటల్లోపు నిలబెట్టాల్సింది ఆ జడ్జి ముందటనే. రిమాండా, బెయిలా తేల్చేది అక్కడనే. మూడేండ్ల దాక జైలు శిక్ష వేసే అధికారం కూడా ఆ కుర్చీకి ఉన్నది. వీర్నపల్లి దిక్కు తండాల నుంచి పోయే ముసలోళ్లు కష్టం చెప్పుకునేది గోర్‌బోలిల. అది తెలిసిన మనిషి ఆ కుర్చీల ఉంటే తేడా ఉంటదా? ఉంటదనే మేం అంటం. తీర్పు మనవైపు ఇస్తరని కాదు, మాట పూర్తిగ వింటరని.

ఆ కుర్చీకి మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష. తర్వాత సీనియర్ సివిల్ జడ్జి, ఆ పైన జిల్లా జడ్జి. చిన్న వయసుల చేరినోళ్లకే పై మెట్లు ఎక్కే టైం దొరుకుతది. 2002 నుంచి లా పాసైనోళ్లు నేరుగ ఈ పరీక్ష రాయొచ్చని సుప్రీంకోర్టే దారి ఇచ్చింది. 2025 మే 20న మళ్ల అదే కోర్టు, మూడేండ్లు వకీలుగ పనిచేసినంకనే రాయాలన్నది.

తమిళనాడు జవ్వాదు కొండల ఆదివాసీ బిడ్డ శ్రీపతి సంగతి మనందరం విన్నం. కాన్పయిన కొద్ది రోజులకే పరీక్ష రాసి, 23 ఏండ్లకు సివిల్ జడ్జిగ సెలెక్టయ్యింది. ఈ రూల్ అప్పుడే ఉంటే ఆమె ఆ ఏడు పరీక్ష హాలు దాకనే పోకపోవు.

రూల్ వెనుక కారణం తప్పని మేం అనం. కోర్టు మెట్లెక్కని మనిషి నేరుగ తీర్పులు రాస్తే నష్టపోయేది మనలాంటోళ్లే. కానీ నాయిన వకీలైన పిలగానికి ఆ మూడేండ్లు ఇంట్లనే గడుస్తయి. మేం హాస్టల్ ఖాళీ చేసిన్నాడే అన్నం బంద్. జూనియర్ వకీలుకు సీనియర్ ఇచ్చేది బస్సు ఛార్జీలకే చాలదు. ఇంటి నుంచి పంపుతరా అంటే, అక్కడ మేం పంపుతమని చూస్తున్నరు.

ఆంధ్రల 2019ల లా నేస్తం పెట్టి జూనియర్ వకీళ్లకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చిన్రు. మన గిరిజన సంక్షేమ శాఖను మనం అడగాల్సింది కూడా అదే: మూడేండ్లు, నెల నెలా, గదికీ తిండికీ సరిపోయేటంత. సంగారెడ్డిల గిరిజన గురుకుల లా కాలేజీ పెట్టిన సర్కారు, అందుల చదివినోళ్లను గేటు బయట వదిలేస్తే ఎట్ల?

ఇంకో ముచ్చట, లా చదివేటోళ్లు గుర్తుపెట్టుకోండి. ప్రాక్టీస్ లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే మొదలైతది. పాసైన నెలనే బార్ కౌన్సిల్‌ల పేరు ఎక్కించుకోండి, ఆలిండియా బార్ పరీక్ష కోసం ఆగొద్దు. పదేండ్లు దాటిన వకీలు సర్టిఫికెట్ కూడా కావాలె. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బార్‌లల్ల అట్లాంటి మనోళ్లు ఎవరన్న ఈ గ్రూపుల ఉంటే, ఈ ఏడు ఎంతమంది జూనియర్లను తీసుకుంటరో చెప్పండి అన్నా.