అడిగి తిన్న అన్నం

బ్రిటన్ వెళ్లివచ్చామని తెలిసినప్పటి నుండి పాఠక సోదరులు, సోదరీమణులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. అక్కడ ఏమి చూడాలి? ఏమి తినాలి? పిల్లలు విదేశాలలో స్థిరపడిన కొద్దీ నడివయసు దంపతులకు ఇటువంటి ప్రయాణాలు తటస్థపడుతున్నాయి కనుక, ఈ నెల ఆ రెండింటికీ కలిపి జవాబు వ్రాస్తున్నాను.

గత జూన్‌లో మేమిద్దరం లండన్ సమీపాన మా అమ్మాయి ఇంట పది రోజులు ఉన్నాము. బయలుదేరే ముందే ఒక ఒప్పందం చేసుకున్నాము. ఒక రోజు నేను కోరిన చోటికి, మరుసటి రోజు మా శ్రీమతి కోరిన చోటికి వెళ్లాలి. సంసారంలో ప్రయాణాలు సాధారణంగా పెళ్ళిళ్లకో, ఆసుపత్రులకో, బంధువుల ఇళ్లకో జరుగుతాయి. "నీకు ఏమి చూడాలని ఉంది?" అన్న ప్రశ్నకు వాటిలో చోటుండదు. ఈసారి అడిగితే ఆమె తడుముకోకుండా "సముద్రం" అన్నది. మాది సముద్రానికి చాలా దూరమైన ఊరు.

లండన్ నుండి బ్రైటన్‌కు రైలులో సుమారు గంట ప్రయాణం. అక్కడి తీరంలో ఇసుక ఉండదు, అంతా గులకరాళ్లే. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక గాని కాదు. జుహర్, అసర్ నమాజుల వేళలు చూసుకుంటే తిరగడానికి కావలసినంత పగలు మిగులుతుంది.

ఆకలి వేసింది. అక్కడి ప్రసిద్ధ ఆహారం ఫిష్ అండ్ చిప్స్. చేపకు జబీహా సమస్య లేదు కదా అని చాలామంది నిశ్చింతగా తినేస్తారు. కాని పిండి జారులో బీరు కలిపే దుకాణాలు ఉన్నాయి. యార్క్‌షైర్ వంటి ఉత్తర ప్రాంతాలలో పశువుల కొవ్వులో వేయించడం పాత అలవాటు. మా శ్రీమతి తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే దుకాణం కుర్రవాడిని అడిగింది. అతడు నొచ్చుకోలేదు. తమ జారులో బీరు ఉందని నిజం చెప్పి, నూనె, పిండి, నీళ్లతోనే వండే మరొక దుకాణం దారి చూపించాడు. ఆ వేడి చేపను గులకరాళ్ల మీద కూర్చొని, సముద్రపు పక్షులు తన్నుకుపోకుండా కాచుకుంటూ ఇద్దరం ఒకే పొట్లంలో తిన్నాము.

తరువాత రాయల్ పెవిలియన్ చూశాము. నాలుగవ జార్జి రాజు కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1823 నాటికి పూర్తి చేసిన ఆ భవనపు గుమ్మటాలను చూస్తే మన దేశపు నవాబుల కోటలు గుర్తుకు వస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 చివరి నుండి 1916 ఆరంభం వరకు, అది గాయపడిన భారత సైనికులకు ఆసుపత్రిగా పనిచేసింది. వారి వారి మతాచారాల ప్రకారం వండడానికి అక్కడ తొమ్మిది వంటశాలలు ఏర్పాటు చేశారు. మా శ్రీమతి ఆ మాట దగ్గర చాలాసేపు ఆగింది. "వీళ్లు ఏమి తింటారని ఎవరో అడిగే ఉంటారు" అన్నది.

మరుసటి రోజు నా వంతు. వాటర్లూ స్టేషన్ నుండి అరగంటలో వోకింగ్ చేరుకున్నాము. భోపాల్ బేగం షాజహాన్ విరాళంతో 1889లో కట్టిన మస్జిదు అక్కడ ఉన్నది. బ్రిటన్‌లో మస్జిదుగానే నిర్మించిన మొదటి కట్టడం అదే. అక్కడ జుహర్ చేసుకొని, పక్క స్టేషనైన బ్రూక్‌వుడ్‌కు వెళ్లి ఖబరస్తాను దర్శించాము. దివ్య ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించిన అబ్దుల్లా యూసుఫ్ అలీ, మార్మడ్యూక్ పిక్‌థాల్ ఇద్దరూ అక్కడే విశ్రమిస్తున్నారు. పిక్‌థాల్ మన హైదరాబాదులో పదేళ్లు నిజాం ప్రభుత్వ సేవలో ఉండి, చాదర్‌ఘాట్ పాఠశాలను నడిపినవారు. ఆయన అనువాదం 1930లో వెలువడింది.

ఆ దగ్గరలోనే సైనికుల సమాధులు ఉన్నాయి. బ్రైటన్ ఆసుపత్రిలో కన్నుమూసిన ముస్లిం సైనికులను వోకింగ్ వద్ద హార్సెల్ కామన్‌లో ఖననం చేసేవారు. 1968లో వారి భౌతికకాయాలను బ్రూక్‌వుడ్‌కు తరలించారు. నిన్న తొమ్మిది వంటశాలల వద్ద ఆగిన ఆమె ఈ రోజు ఆ రాళ్ల వద్ద ఆగింది. దువా చేసి, "ఏమండీ, వీళ్ల భార్యలకు ఈ చోటు ఎవరైనా చూపించి ఉంటారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కాని ఆమె కోరిన రోజు లేకపోతే నేను కోరిన రోజుకు సగం అర్థమే ఉండేదని మాత్రం తెలిసింది.

ఇక మిగిలినవి భోజనం సంగతులు. రెస్టారెంటు తలుపు మీద హలాల్ అని ఉన్నా, ఏ సంస్థ ధ్రువీకరించినదో అడగవచ్చు. అటువంటి సంస్థలు అక్కడ ఒకటికి మించి ఉన్నాయి. కోసే ముందు జంతువుకు స్పృహ తప్పించవచ్చా అనే విషయంలో వాటి మధ్య అభిప్రాయభేదం ఉంది. శాకాహార గుర్తు ఉన్నంత మాత్రాన అందులో మద్యం కలవలేదని కాదు. మెత్తని మిఠాయిలలో జెలటిన్ ఉందేమో పొట్లం మీద చదవాలి. సాయంత్రం టీతో ఇచ్చే స్కోన్ రొట్టె మీద జామ్, క్లాటెడ్ క్రీమ్ వేసుకుంటారు. ఆ క్రీమ్ నెమ్మదిగా కాచి తీసిన మన మీగడే. ముందు జామ్ రాయాలా, మీగడ రాయాలా అని కార్న్‌వాల్, డెవన్ జిల్లాల వారు నేటికీ వాదించుకుంటారు. మా ఇద్దరిదీ చెరొక పక్షం.

ప్రయాణానికి సిద్ధమవుతున్న దంపతులకు నా మనవి ఒక్కటే. టిక్కెట్లు కొనక ముందే ఒకరినొకరు అడగండి. అక్కడి దుకాణాలలో అడగడం ఆ తరువాత కష్టమనిపించదు.