సెటిల్ అయినంక దేవుడా అన్నా?

పోస్టు పొడుగ్గా ఉంటది. మెస్సు లైన్లో నిలబడి చదవకండి, రాత్రి పడుకునే ముందు ఓపికగా చదవండి.

పోయిన వారం ఒక సీనియర్ అన్న ఇక్కడ పెట్టిన పోస్టుకి ఇది జవాబు. అన్న పేరు రాయం. ఆయన మీద మాకు గౌరవం ఉంది. మొదటిసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఎంజీబీఎస్‌లో మా ట్రంకు పెట్టెలు దింపి, ఆటో బేరం చేసి, హాస్టల్ దాకా తీసుకొచ్చింది ఆయనే. కానీ ఆయన రాసిన మాట మాకు మింగుడు పడలేదు. ఆదివాసీ పిల్లలు ముందు సెటిల్ కావాలట, చర్చీ ప్రార్థనా అన్నీ తర్వాతట, ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రతి గంటా జాతి సొత్తట. దాని కింద 140 లైకులు. వాటిలో మా రూమ్ వాళ్ళవి కూడా ఉన్నాయి. అందుకే ఊరుకోలేక రాస్తున్నాం.

మా సంగతి ముందు చెప్తాం. పాతబస్తీలో మా హాస్టల్. దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ పిల్లలం, ఇద్దరు కొండరెడ్లు, డోర్నకల్ దగ్గరి తండాల నుంచి లంబాడా తమ్ముళ్ళు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. ఫస్ట్ ఇయర్‌లో ఆదివారం సాయంత్రం మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన చాప పరిచి పదకొండు మందిమి కూర్చునేవాళ్ళం. ఒకరు పాట ఎత్తుకుంటే కింద రోడ్డు మీది హారన్లు కూడా వినపడేవి కావు. ఇప్పుడు ఫైనల్ ఇయర్. పోయిన ఆదివారం ముగ్గురం. మిగతా ఎనిమిది మందిలో ఒక్కడు కూడా దేవుడు లేడు అనలేదు. అందరిదీ ఒకటే మాట, టైమ్ లేదు.

టైమ్ లేదన్నది అబద్ధం కాదు. ఇద్దరు శని ఆదివారాలు బండి మీద తిండి పొట్లాలు పంచుతున్నారు, ఇంటి దగ్గర అప్పు ఉంది. ఒకడు పొద్దున జిరాక్స్ షాపులో, సాయంత్రం కోచింగ్‌లో. గ్రూప్-1 ప్రిలిమ్స్ సంగతే చూడండి. 2022 అక్టోబర్ 16, 2023 జూన్ 11, 2024 జూన్ 9. పేపర్ లీకైందని ఒకసారి, కోర్టు తీర్పుతో ఒకసారి రద్దయి మూడుసార్లు పెట్టారు. మూడూ ఆదివారాలే. మాక్ టెస్టులూ ఆదివారమే. అంటే మన బతుకు బాగుపడే తలుపులన్నీ సరిగ్గా చర్చి గంట కొట్టే టైముకే తెరుచుకుంటున్నాయి. ఇది మాకు తెలియక కాదు.

కానీ అన్నా, బిజీ అనేది మనతోనే పుట్టిందా? మే నెలలో తునికాకు సీజన్‌లో మా అమ్మలు మూడు గంటలకు లేచి అడవికి పోతారు. ఎండెక్కేసరికి తిరిగొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రం కల్లం దగ్గర లెక్క అప్పజెప్పి, అప్పుడు పొయ్యి వెలిగిస్తారు. అంతకుముందు ఇప్పపూల కాలంలోనూ అంతే. ఆ నెలల్లో మా ఊళ్ళో ప్రార్థన ఎత్తేయలేదు. రాత్రి తొమ్మిదికి మార్చారు. సోలార్ లైటు కింద సగం మంది కునికిపాట్లు పడుతూనే కూర్చునేవాళ్ళు. పాస్టరయ్య కూడా పగలంతా ఆకు కోసి వచ్చినోడే, ఆయనే ఒక్కోసారి ప్రార్థన మధ్యలో ఆగిపోయేవాడు, నిద్రొచ్చి. ఎవ్వరూ నవ్వలేదు. సీజన్ అయినంక దేవుడు అని మా అమ్మలు అనుంటే, సీజన్లు ఎప్పుడయ్యాయి మనకు? ఆకు పోతే నాట్లు, నాట్లు పోతే కలుపు, తర్వాత పత్తి, మిర్చి ఏరడాలు.

సెటిల్ అనేది కూడా అంతే అన్నా. డిగ్రీ అయితే సెటిల్ అనుకున్నాం. తర్వాత గ్రూప్-4 అన్నారు. గ్రూప్-4 వచ్చిన అక్క గ్రూప్-2 చదువుతోంది. ఆ తర్వాత పెళ్ళి, ప్లాటు, పిల్లల ఫీజులు. మీరే చెప్పండి, మీరు సెటిలై నాలుగేళ్ళయింది కదా, ఆ తర్వాత ఇప్పుడు వచ్చిందా? మీ ఊరి చర్చికి చివరిసారి ఎప్పుడు పోయారు? ఇది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతున్నాం.

బైబిల్లో ఈ మాట ముందే అన్నవాడు ఒకడున్నాడు, ఫరో. నిర్గమకాండం అయిదో అధ్యాయం తీసి చూడండి. ఇటుకలు చేసే బానిసలు మా దేవుణ్ణి కొలుచుకోవడానికి మూడు రోజులు పోనివ్వమని అడిగితే, పని లేక సోమరులై అడుగుతున్నారు అంటాడు. గడ్డి ఇవ్వడం ఆపేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గించొద్దు అంటాడు. మా బండి అన్నల ఫోన్లో ఆదివారం ఇన్సెంటివ్ లెక్క చూసినప్పుడల్లా మాకు ఆ అధ్యాయమే గుర్తొస్తది. ఇంకో రెండు డెలివరీలు చేస్తే ఇంత అని చూపిస్తది, ఆ రెండూ అయ్యేసరికి రాత్రి పదకొండు. ద్వితీయోపదేశకాండం అయిదులో విశ్రాంతి దినం ఎందుకో చెప్పినప్పుడు కారణం సూటిగా ఉంటది: మీరు ఒకప్పుడు బానిసలు, అది మర్చిపోవద్దు, మీ పనివాడికీ పనిమనిషికీ ఎద్దుకూ గాడిదకూ కూడా ఆ రోజు విశ్రాంతి ఉండాలి. తీరిక ఉన్నోళ్ళ ముచ్చట కాదు అది. వెట్టి నుంచి బయటపడ్డోళ్ళ చట్టం. వెట్టి అంటే ఏందో మన తాతలను అడగండి. వారంలో ఒక రోజు నా ఒళ్ళు ఎవడి సొత్తూ కాదు అని చెప్పే హక్కు దొరికితే, జాతి పేరు చెప్పి మనమే దాన్ని వదులుకోవాలా?

ఇక్కడ పాతబస్తీలో ఉండి టైమ్ లేదనడం ఇంకా సిగ్గుగా ఉంటది. హాస్టల్ కింద చాయ్ హోటల్ చాచా రోజుకి ఎన్ని వందల కప్పులు పోస్తాడో లెక్క లేదు. అజా వినపడగానే గల్లా పిల్లాడికి అప్పజెప్పి పోతాడు, పావుగంటలో వస్తాడు. మధ్యాహ్నం టైలర్ షాపు షట్టర్ సగం దించి ఉంటది. శుక్రవారం మక్కా మసీదు ముందు రోడ్డు చూడండి. అన్నిటికంటే రంజాన్ చూడండి. మదీనా నుంచి చార్మినార్ దాకా వ్యాపారానికి ఏడాదిలో అంత బిజీ నెల ఇంకోటి లేదు. సరిగ్గా ఆ నెలే వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. తీరిక దొరికినప్పుడు చేద్దామనుకుంటే రంజాన్ ఎప్పటికీ రాదు. వాళ్ళది వేరే మతం కదా అంటారు కొందరు. మతం వేరే, గడియారం ఒకటే కదా. మన దగ్గరికే రండి, మేడారం జాతరకు రెండేళ్ళకోసారి ఊళ్ళకు ఊళ్ళు కదిలి పోతాయి. మాలో చాలామందిమి మొక్కులకు పోము, కానీ సమ్మక్క సారలమ్మ కథ మా అమ్మమ్మలు చెప్పిన కథే. ఆ నాలుగు రోజులు ఎవరన్నా బిజీ అనగా విన్నామా?

ఇక సిటీ చర్చిల్లో చెప్పే మందు గురించి. అది కూడా మాకు సరిపోలేదు, మొహమాటం లేకుండా చెప్తాం. ఒక పెద్ద చర్చిలో యూత్ మీటింగ్‌కి పోయాం. పొద్దున నాలుగున్నరకు లేవండి, మీ గదిలోకి పోయి తలుపేసుకోండి, గంటసేపు దేవుడితో ఏకాంతంగా ఉండండి, నోట్ బుక్‌లో రాసుకోండి అన్నారు. మంచి మాటే. కానీ ఏ గది? మా గదిలో పన్నెండు మందిమి. తలుపుకి గొళ్ళెం ఊడిపోయి ఏడాదైంది. నాలుగున్నరకు లేస్తే బాత్రూమ్ లైన్ కోసం లేవాల్సిందే. ఆ మీటింగ్ నుంచి వచ్చినంక మాలో ఇద్దరు నెల రోజులు ప్రయత్నం చేసి, కుదరక, మేం పనికిరాని విశ్వాసులం అనుకుని మేడ మీదికి కూడా రావడం మానేశారు. అలా పోయారు వాళ్ళు, నాస్తికులై కాదు. క్రిస్మస్‌కి అదే చర్చివాళ్ళు హాస్టల్‌కి దుప్పట్లు తెచ్చారు. వరసలో నిలబెట్టి ఫోటోలు తీశారు. దుప్పటి వెచ్చగానే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ పోయేటప్పుడు ఒక్కరన్నా వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి తమ్ముళ్ళూ అనలేదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో అజరయ్య గారు తెల్లదొరలను అడిగింది ఇదే, త్యాగాలు చేశారు సరే, మాకు స్నేహం కూడా ఇవ్వండి అని. రెండేళ్ళకే డోర్నకల్ బిషప్ అయ్యాడాయన, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన అడిగింది ఇంకా బాకీనే ఉంది, ఇప్పుడు ఇవ్వాల్సింది దొరలు కాదు, అంతే తేడా.

మన దగ్గరికి ఈ విశ్వాసం ఏకాంత గదుల గుండా రాలేదు. దుమ్ముగూడెంలో 1860ల నాటికే, గోదావరి మీద ఆనకట్ట పనులు జరిగే రోజుల్లో, కోయల మధ్య సి.ఎం.ఎస్. మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే దొర ఏళ్ళ తరబడి అక్కడే ఉండి మన భాష నేర్చుకుని రాశాడు. ఆయన రాసిన వాటిలో మన గురించి తక్కువ చేసి చూసిన మాటలు లేకపోలేదు, దాని మీద వేరే పోస్టు రాయొచ్చు. కానీ అక్షరం రాని మన ముత్తాతలు ఆ విశ్వాసాన్ని ఎట్లా నిలబెట్టుకున్నారు? పుస్తకం చదివి కాదు. కలిసి పాడి, కలిసి తిని, జ్వరమొచ్చిన ఇంటికి అందరూ పోయి కూర్చుని. మా అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, అది చర్చికి. మిజోరం ఆడవాళ్ళు కూడా 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు, ఆ పిడికెళ్ళతోనే వాళ్ళ సంఘాలు నిలబడ్డాయి. పిడికెడు బియ్యం తియ్యడానికి ఎంత టైమ్ పడతది? కానీ అది రోజూ జరుగుతది. ఒక్క పూట కూడా తప్పదు, తినడం తప్పదు కాబట్టి.

దానియేలు సంగతి తీసుకోండి. సండే స్కూల్లో సింహాల బోను వరకే చెప్తారు. మొదటి అధ్యాయం చదివితే అతను మనలాంటి హాస్టల్ పిల్లాడే. ఊరు కాని ఊరు, రాని భాష, మూడేళ్ళ కోర్సు, మన డిగ్రీ లెక్కనే. పేరు కూడా మార్చేశారు, బెల్తెషాజరు అని. మనోళ్ళలో ఎంతమంది కాలేజీలో ఇంటిపేరు మింగేసి చెప్తున్నారో మనకు తెలుసు. తర్వాత పెద్ద ఉద్యోగం కూడా వచ్చింది. అంటే సెటిలయ్యాడు. అయినా రోజుకి మూడుసార్లు, కిటికీ తెరిచి, తన ఊరి వైపు తిరిగి మోకరించాడు. ఆ అలవాటు మంత్రి అయినంక కొత్తగా పెట్టుకుంది కాదు, అంతకు ముందు నుంచి చేస్తూ వచ్చిందే అని అక్కడే ఉంది.

పరీక్షలు ఆదివారం పెడితే రాయొద్దా అని అడుగుతారు. రాయండి. మేమూ రాస్తాం. ఇక్కడ పాస్టర్లు ఎరిక్ లిడెల్ కథ చెప్తారు, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం అని వంద మీటర్లు పరుగెత్తనన్నాడు, తర్వాత నాలుగు వందల మీటర్లలో బంగారం గెలిచాడు అని. అక్కడికి ఆపేస్తారు. మిగతా సగం ఏందంటే, తర్వాత చైనాకు మిషనరీగా పోయి, యుద్ధంలో జపాన్ వాళ్ళ నిర్బంధ శిబిరంలో పడ్డాడు. అక్కడ పిల్లలు ఆదివారం హాకీ ఆడుతూ కొట్టుకుంటుంటే అదే మనిషి ఆదివారమే వాళ్ళకు రిఫరీగా నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. పతకం కోసం ఇవ్వని ఆదివారాన్ని పిల్లల కోసం ఇచ్చాడు. మాకు ఆ రెండో సగమే ఎక్కువ నచ్చింది. అప్పు తీర్చడానికి ఆదివారం బండి తోలే తమ్ముణ్ణి పట్టుకుని పాపం చేస్తున్నావు అనేవాళ్ళు, ముందు ఆ అప్పులో ఒక వంద కట్టి తర్వాత మాట్లాడండి.

ఇంకొక మాట, పోస్టు కింద కామెంట్లలో ఒకరు రాశారు, చర్చికి పోయేవాడు అసలు ఆదివాసీనే కాదు, సర్టిఫికెట్ తీసేయాలి అని. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు తీసి చదవండి. దానిలో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, అందుకే మా క్లాసులో మాల మాదిగ క్రైస్తవ మిత్రులు కాగితం మీద బీసీ-సీ అవుతారు, కొందరైతే ఆదివారం ఎటు పోయావంటే చెప్పడానికి కూడా జంకుతారు. మనకు ఆ భయం చట్టం పెట్టలేదు. కామెంట్లతో మీరు పెట్టొద్దు. కొమ్ము కోయ ఆట ఆడితే చర్చిలో ముఖం ముడుచుకునే పెద్దలకు కూడా ఇదే చెప్తాం.

అన్నా, జాతి సొత్తు అన్నారు కదా మా గంటల్ని. పదకొండు మందిమి కూర్చున్న రోజుల్లో ఎవడికి మెస్ బిల్లు కట్టలేదో, ఎవడి నాయనకు ఒంట్లో బాగాలేదో, ఎవడు బ్యాక్‌లాగ్ దాచిపెట్టాడో ఆ చాప మీదే బయటపడేది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, మునిగిన ఊళ్ళకు మా ఊళ్ళ చర్చిలోనే అన్నం వండారు, ఆ పిడికెడు బియ్యం డబ్బాలు అప్పుడు తెరిచారు. పోయిన నెల మా రూమ్ తమ్ముడొకడు చదువు మానేసి ఊరికి పోయాడు. నాలుగు నెలల నుంచి ఇంట్లో డబ్బులు రావట్లేదని, రోజుకి ఒక్కపూటే తింటున్నాడని వాడు పోయినంక తెలిసింది. వాడి మంచం మా మంచానికి మూడడుగుల దూరం. మేమంతా బిజీ. సెటిల్ కావడానికి చదువుతున్నాం.

వాడికి ఫోన్ చేశాం. మొదట ఎత్తలేదు. మొన్న ఎత్తాడు. మిరప తోటలో కూలికి పోతున్నాడట. పరీక్ష ఫీజు గడువు ఇంకా ఉంది, మేం కడతాం రా అన్నాం, చూస్తా అన్నాడు.

మేడ మీద ప్రార్థన టైమ్ మార్చాం. సాయంత్రం ఆరున్నర కాదు, రాత్రి పది. బండి అన్నలు ఒక ట్రిప్పు వదులుకుని వస్తామన్నారు, కోచింగ్ వాళ్ళు పుస్తకాలతోనే రావొచ్చు. ఇరవై నిమిషాలే. ఒక పాట, ఒక అధ్యాయం, ఒకరి సంగతి ఒకరు అడగడం. ట్యాంకు పక్కన ఒక డబ్బా పెట్టాం, బియ్యం బదులు పది రూపాయల కాగితం వేసినా సరే, అది ఫీజుకి. సీనియర్ అన్నా, మీరూ రండి, మీ రూమ్ నుంచి ఫలక్‌నుమా బస్సు ఎక్కితే అరగంట. చాప పెద్దదే.