బీ ఫారం ఎవరి చేతిలో ఉంది?

మొన్న డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలప్పుడు, శామీర్‌పేట నుంచి వచ్చే ఒక విద్యార్థి క్లాసు అయిపోయాక నా దగ్గరికొచ్చి అడిగాడు: "సార్, వంటిమామిడి దిక్కు పోతే సర్పంచ్ ఎలక్షన్ల జాతర నడుస్తున్నది. మా ఊళ్ళె ఎందుకు లేదు?"

జవాబు చిన్నదే. ఎన్నికలు 31 జిల్లాల్లో జరిగాయి. హైదరాబాద్‌లో ఎటూ పంచాయతీలు లేవు. మేడ్చల్-మల్కాజిగిరిలో లేకుండా చేశారు. 2024 సెప్టెంబర్‌లో శామీర్‌పేటను తూముకుంట మున్సిపాలిటీలో కలిపారు. 2025 డిసెంబర్‌లో తూముకుంటను, మేడ్చల్‌ను జీహెచ్‌ఎంసీలో కలిపారు. పదిహేను నెలల్లో ఊరు పట్నమైంది, పట్నం మహానగరమైంది. వాడ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ మార్పును అందరూ ప్లాట్ల ధరతో, ఇంటిపన్నుతో లెక్కేస్తున్నారు. నేను ఒక కాగితంతో లెక్కేస్తాను. ఆ కాగితం పేరు బీ ఫారం.

సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తు ఉండదు. కార్పొరేటర్ ఎన్నికలో ఉంటుంది. గుర్తు కావాలంటే బీ ఫారం కావాలి. దాని మీద సంతకం పెట్టే అధికారం పార్టీ ఎవరికి ఇస్తే వాళ్ళకే. టికెట్ ఆశించేవాళ్ళు చివరి గంటదాకా ఫోన్ చేతిలో పట్టుకుని నాయకుల ఇళ్ళ ముందు నిలబడతారు. ఎస్సీకి రిజర్వైన వార్డులో కూడా ఇదే వరస. సీటు మనది. అందులో కూర్చునే మనిషిని ఎంచేది గాంధీభవన్, నాంపల్లిలోని బీజేపీ ఆఫీసు, తెలంగాణ భవన్. వాటిలో రెండింటికి పైమాట ఢిల్లీ నుంచి వస్తుంది. వాడలో డ్రైనేజీ పొంగితే రాని ఢిల్లీ, వాడ మనిషిని ఎంచడానికి మాత్రం వస్తుంది.

"సార్, అంబేడ్కర్ రిజర్వేషన్ ఇచ్చిండు కదా, ఇంకేం కావాలె?" అని కొందరు అడుగుతారు. వాళ్ళు పూనా ఒప్పందాన్ని ఒకసారి చదవాలి. 1932 సెప్టెంబర్ 24న ఎరవాడలో కుదిరిన ఆ ఒప్పందంలో 148 సీట్ల సంగతి అందరికీ గుర్తుంది. రెండంచెల సంగతి ఎవరికీ గుర్తులేదు. ముందు ప్రాథమిక ఎన్నిక. అందులో అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచాలి. తర్వాత అందరూ కలిసి ఆ నలుగురిలో ఒకరిని గెలిపించాలి. ప్రత్యేక నియోజకవర్గాలు పోగొట్టుకున్న చోట బాబాసాహెబ్ చేతిలో మిగిలింది ఆ మొదటి ఓటు ఒక్కటే. అది బ్రిటిష్ ప్రావిన్సులకే. నిజాం రాజ్యంలో ఉన్న మన మేడ్చల్ తాలూకాకు అదీ దక్కలేదు.

ఆ మొదటి ఓటును ఏం చేశారో కూడా చూడండి. నలుగురికి మించి పోటీ లేని చోట ప్రాథమిక ఎన్నికే జరగలేదు. జరిగిన చోట మనవాళ్ళ ఓట్లలో వెనకబడిన అభ్యర్థి, నలుగురిలో ఒకడైతే చాలు, రెండో అంచెలో సవర్ణుల ఓట్లతో గట్టెక్కవచ్చు. 1946లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు రాష్ట్ర శాసనసభల్లో దక్కిన సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో మళ్ళీ ప్రత్యేక నియోజకవర్గాలు అడిగారు. దక్కలేదు. రాజ్యాంగంలో రిజర్వుడు సీట్లు మిగిలాయి, మొదటి ఓటు మాయమైంది. ఆ ఖాళీ జాగాలో ఇప్పుడు బీ ఫారం కూర్చుంది.

"పార్టీ మా సొంత సంస్థ, అభ్యర్థిని మేం ఎంచుకుంటే తప్పేంటి?" అంటారు నాయకులు. ఈ మాట అమెరికాలో టెక్సస్ డెమోక్రాట్లు అప్పుడే అన్నారు. అక్కడ పార్టీ ప్రాథమిక ఎన్నికలో గెలిస్తే చివరి ఎన్నిక గెలిచినట్టే. ఆ మొదటి ఎన్నికలో నల్లవాళ్ళను ఓటెయ్యనివ్వలేదు. హ్యూస్టన్‌లో లానీ స్మిత్ అనే నల్లజాతి పళ్ళ డాక్టర్ కోర్టుకెక్కాడు. 1944లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మొదటి గుమ్మం దగ్గర ఆపేసి, రెండో గుమ్మం తెరిచే ఉంది కదా అంటే ప్రజాస్వామ్యం కాదని దాని అర్థం. మన దగ్గర ఆపేదేముంది, మొదటి గుమ్మమే కట్టలేదు.

అట్లయితే పార్టీలే వద్దంటారా? అనను. సర్పంచ్ ఎన్నికకు చట్టప్రకారం గుర్తుల్లేవు. అయినా ఫలితాల రాత్రి ఇన్ని సర్పంచులు మావే అని ప్రతి పార్టీ లెక్క చెప్పుకుంటుంది. ఏకగ్రీవం పేరుతో ఊరి పెద్దలు గుడి దగ్గర కూర్చుని పదవిని వేలం వేసే చోట, పార్టీ లేకపోవడం మనకు రక్షణ కాదు. పార్టీ రావచ్చు. కానీ వాడ గుండా రావాలి.

కాంగ్రెస్ 2014లో కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రాథమిక ఎన్నికలు పెట్టి చూసింది. వాళ్ళు దాన్ని ఆనవాయితీ చెయ్యలేదు. మనం వాళ్ళ కోసం ఆగాల్సిన పనిలేదు.

పద్ధతి కష్టం కాదు. కార్పొరేషన్ ఎన్నికలకు ముందే, రిజర్వుడు వార్డులో ఉన్న ప్రతి వాడలో అంబేడ్కర్ విగ్రహం దగ్గర సభ పెట్టాలి. నిలబడాలనుకునేవాళ్ళు అందరి ముందు మాట్లాడాలి. ఓటరు జాబితా పట్టుకుని చీటీలు వెయ్యాలి. కూలికి, కంపెనీ డ్యూటీకి పోయే ఆడవాళ్ళు రాగలిగే టైముకు పెట్టాలి. గెలిచినవాళ్ళకు ఏ పార్టీ బీ ఫారం ఇచ్చినా సరే. ఎవరూ ఇవ్వకపోతే ఇండిపెండెంట్‌గా నిలబెట్టాలి. డబ్బు అక్కడికీ వస్తుంది, నాకు తెలుసు. కానీ నాయకుడి ఇంటి లోపలి గదిలో పంచే డబ్బు కన్నా, విగ్రహం కింద పంచే డబ్బును పట్టుకోవడం సులువు.

ఈ మాట పార్టీలకు చెప్పడం తేలిక. మనకు మనం చెప్పుకోవడం కష్టం. నోటిఫికేషన్ పడగానే జై భీమ్ కండువా మడిచి జేబులో పెట్టుకుని, బీ ఫారం క్యూలో నిలబడేది మన సంఘాల నాయకులే. అట్లా తెచ్చుకున్న టికెట్‌తో గెలిచిన మనిషి, మేయర్ ఎన్నిక రోజు చెయ్యెత్తమంటే ఎత్తాలి. విప్‌ను ధిక్కరిస్తే పదవి పోతుంది. వాడను ధిక్కరిస్తే ఏమీ పోదు. ఆ లెక్క మారాలి.

ఆ విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇదే: "మీ ఊళ్ళో ఎలక్షన్ లేదని బాధపడకు. మొదటి ఎలక్షన్ మనమే పెట్టుకుందాం. ఓటరు జాబితా ప్రింటు తీసుకురా."

మర్నాడే తెచ్చాడు. డబ్బా నేను చేయిస్తున్నాను.

జై భీమ్.