రీస్లింగ్ అంటే తీపి వైనేనా? లేబుల్ చూసి చెప్పేయొచ్చు

జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న ఫ్రెండ్ మీకూ ఒకరు ఉండే ఉంటారు. అక్కడి సూపర్ మార్కెట్లో వైన్ అరల ముందు నిలబడితే ఏం కనిపిస్తుందో అడగండి. సన్నగా, పొడుగ్గా ఉండే సీసాలు. లేబుల్ మీద ఓ కోట బొమ్మ. దాని కింద చదువుతుంటే ఊపిరి ఆగిపోయేంత పొడుగు పదాలు. ఆ గుంపులో ఎక్కడో 'రీస్లింగ్' అని ఉంటుంది. చాలామంది రైస్లింగ్ అంటారు కానీ, 'రీ' అనే పలకాలి.

ధైర్యం చేసి ఒకటి కొంటారు. ఒకరికి అది పానకంలా తియ్యగా తగుల్తుంది. ఇంకొకరికి పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్లు జివ్వుమంటాయి. ఇద్దరూ తాగింది రీస్లింగే, ఇద్దరూ చెప్పేదీ నిజమే. చిక్కల్లా ఏంటంటే, ఆ ఒక్క సీసాతోనే "రీస్లింగ్ అంటే ఇంతే" అని తేల్చేసి, మళ్లీ దాని జోలికి పోరు. అలా వదిలేస్తే ఓ మంచి ద్రాక్షకి అన్యాయం చేసినట్టే.

అందుకే ఈ వారం ఒకే ఒక్క పని పెట్టుకుందాం. మూత తియ్యకముందే లోపలున్నది తీపో కాదో చెప్పగలగడం. ఇది అనుకున్నంత కష్టం కాదు.

నిమ్మ షర్బత్ లెక్క

రీస్లింగ్ అనేది తెల్ల ద్రాక్ష రకం పేరు. వైన్‌కీ అదే పేరు. దీని అసలు గుణం తీపి కాదు, పులుపు. చాలా ద్రాక్షలు పండేకొద్దీ పులుపు వదిలేసుకుంటాయి. ఇది మాత్రం పండి, చక్కెర పట్టాక కూడా పులుపుని గట్టిగా పట్టుకునే ఉంటుంది.

ఇక తీపి సంగతి. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్ట్ అందులోని చక్కెరని తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే 1 శాతం ఆల్కహాల్ తయారవుతుంది. పూర్తిగా తినేదాకా వదిలేస్తే తీపి మిగలదు. మధ్యలోనే బాగా చల్లబరిచి, ఈస్ట్‌ని వడకట్టి తీసేస్తే కొంత చక్కెర అలాగే ఉండిపోతుంది. అంటే ఒకే తోట, ఒకే ద్రాక్ష నుంచి తియ్యని వైనూ చెయ్యొచ్చు, తీపే లేని వైనూ చెయ్యొచ్చు. ఎక్కడ ఆపాలన్నది చేసేవాళ్ల ఇష్టం.

మరి చక్కెర ఉన్నవన్నీ వెగటుగా ఉంటాయా? గ్లాసుడు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగండి. రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. అందులోనే ఒక నిమ్మకాయ పిండండి, గ్లాసు ఖాళీ అయిపోతుంది. పంచదార తగ్గలేదు, పులుపు తోడైంది, అంతే. మోజెల్ లోయ నుంచి వచ్చే తేలికపాటి రీస్లింగ్‌లో లీటరుకి 30 నుంచి 50 గ్రాముల దాకా చక్కెర ఉండటం మామూలే. కోలాలో లీటరుకి 100 గ్రాముల పైనే ఉంటుంది. అయినా ఆ వైన్ తాగాక నోరు శుభ్రంగా అనిపిస్తుంది. పులుపు చేసే పని అది.

ముందు అంకె చూడండి

జర్మన్ రాకపోయినా పర్లేదు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఆల్కహాల్ శాతం ఉంటుంది. ఈస్ట్ చక్కెర తింటేనే ఆల్కహాల్ పెరుగుతుందని చెప్పుకున్నాం కదా. కాబట్టి అంకె తక్కువుంటే చక్కెర మిగిలిందన్నమాట.

7.5 నుంచి 9 శాతం దాకా ఉంటే తీపి స్పష్టంగా తెలుస్తుంది. 10, 11 దగ్గరుంటే కొద్దిగా తీపి. 12 దాటితే చాలావరకు తీపి లేనట్టే. ఈ లెక్క నూటికి నూరుపాళ్లు కుదరదు గానీ, షాపులో నిలబడి పది సెకన్లలో తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

తర్వాత రెండు పదాలు

మొదటిది 'ట్రోకెన్'. అంటే పొడి. వైన్ భాషలో పొడి అంటే తీపి లేనిదని. రీస్లింగ్ లాంటి పుల్లటి వైన్‌లో లీటరుకి 9 గ్రాముల దాకా చక్కెర ఉన్నా ఈ మాట వేసుకోవచ్చు, ఆ పులుపు ముందు అది నాలిక్కి అందదు. 'హాల్ప్‌ట్రోకెన్' అంటే సగం పొడి. 'ఫైన్‌హెర్బ్' కూడా దాదాపు అలాంటిదే, కాకపోతే దానికి చట్టంలో కచ్చితమైన కొలత లేదు.

రెండో పదం దగ్గరే అందరూ బోల్తా పడతారు. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆవుస్‌లేజె అని మెట్లు మెట్లుగా కొన్ని పేర్లుంటాయి. 1971లో వచ్చిన జర్మన్ వైన్ చట్టం వీటిని ఇప్పుడున్న పద్ధతిలో ఖాయం చేసింది. ఇవి సీసాలో ఎంత తీపి ఉందో చెప్పవు. కోసిననాడు ద్రాక్షలో ఎంత చక్కెర ఉందో చెప్తాయి. కాబినెట్ అంటే మామూలుగా పండినది. ష్పేట్‌లేజె అంటే ఆలస్యంగా కోసినది. ఆవుస్‌లేజె అంటే బాగా పండిన గుత్తుల్ని ఏరి కోసినది. అందుకే 'ష్పేట్‌లేజె ట్రోకెన్' అని కూడా సీసాలు కనిపిస్తాయి. బాగా పండిన ద్రాక్షే, కానీ చక్కెరంతా పులిసిపోయిందని అర్థం. 'ట్రోకెన్' అనే మాట లేకుండా ఒట్టి కాబినెట్టో, ష్పేట్‌లేజెనో ఉండి, పక్కన 8 శాతం అని కనిపిస్తే మాత్రం తియ్యగా ఉంటుందని నమ్మకంగా కొనొచ్చు.

ఇంకో తమాషా ఉంది. మెట్లన్నిటికీ పైన 'ట్రోకెన్‌బేరెన్‌ఆవుస్‌లేజె' ఉంటుంది. పేరులోనే ట్రోకెన్ ఉంది కాబట్టి తీపి లేదనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇక్కడ ఎండింది వైన్ కాదు, ద్రాక్ష. ఒక రకం బూజు పట్టి, నీరంతా పోయి, కిస్‌మిస్‌లా ముడుచుకున్న పళ్లని ఒక్కొక్కటిగా ఏరి చేస్తారు. రీస్లింగ్‌లో అత్యంత తియ్యనివీ, ఖరీదైనవీ ఇవే.

మిగిలిన పొడుగు పదాలకు భయపడక్కర్లేదు, అవి ఊరి పేర్లు. మనం బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు అనమూ? అలాగే 'వేలెనర్ జోనెన్‌ఊర్' అంటే వేలెన్ అనే ఊళ్లో 'సూర్య గడియారం' అనే తోట. తోటలో పనిచేసేవాళ్లకి టైము తెలియాలని 1842లో అక్కడి రాతిమీద కట్టిన సూర్య గడియారం ఇప్పటికీ ఉంది.

చెడ్డపేరు ఎక్కడిది?

రీస్లింగ్ కొత్తగా వచ్చిందేం కాదు. 1435లో ర్యూసెల్స్‌హైమ్ అనే ఊళ్లో ఒక దొరగారి లెక్కల పుస్తకంలో రీస్లింగ్ తీగలు కొన్నట్టు రాశారు. ఈ ద్రాక్ష పేరు దొరికిన మొట్టమొదటి కాగితం అదే. ఇప్పుడా ఊరు ఒపెల్ కార్లకు పుట్టిల్లు. 19వ శతాబ్దం చివర్లో రైన్, మోజెల్ లోయల రీస్లింగ్‌లు ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్లతో సమానమైన ధరకి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువకీ అమ్ముడుపోయేవి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కథ మారింది. 'లీబ్‌ఫ్రావ్‌మిల్ష్' అనే చవకరకం తీపి వైన్ జర్మనీ నుంచి ఇంగ్లండ్‌కీ, అమెరికాకీ ఓడల కొద్దీ వెళ్లింది. జర్మన్ వైన్ అంటే పల్చటి పంచదార నీళ్లు అనే పేరు స్థిరపడిపోయింది. విచిత్రం ఏంటంటే, వాటిలో చాలావాటిలో ఉన్నది ఎక్కువగా ముల్లర్ తుర్గావ్ అనే వేరే ద్రాక్ష. త్వరగా పండి, ఎక్కువ దిగుబడి ఇచ్చే రకం. దానికి తోడు తూర్పు యూరప్ నుంచి 'వెల్ష్‌రీస్లింగ్', 'లాష్కి రిజ్లింగ్' పేర్లతో వచ్చినవి ఇంకొన్ని. వాటికీ అసలు రీస్లింగ్‌కీ చుట్టరికమే లేదు. ఎవరో చేసిన అప్పు ఈ ద్రాక్ష నెత్తిన పడింది.

పలకరాళ్ల కొండ మీద

ప్రపంచంలో రీస్లింగ్‌కి ఇప్పటికీ అతిపెద్ద ఇల్లు జర్మనీయే. దేశంలోని ద్రాక్షతోటల్లో దాదాపు నాలుగో వంతు, సుమారు 24 వేల హెక్టార్లు ఈ ఒక్క రకానిదే. అందులో మోజెల్ లోయ చూడాల్సిందే. నది మెలికలు తిరుగుతుంటే, రెండు పక్కలా నిట్టనిలువు కొండలు. బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మాంట్ తోట వాలు సుమారు 65 డిగ్రీలు. ట్రాక్టర్ ఎక్కదు, కోతంతా చేతులతోనే. నేలంతా మనం చిన్నప్పుడు రాసుకున్న పలక రాయి ముక్కలు. పగలు ఎండని దాచుకుని, రాత్రి తీగలకి ఆ వెచ్చదనం ఇస్తాయవి. చలిదేశంలో ద్రాక్ష పండాలంటే ఆ మాత్రం సాయం కావాలి మరి.

కానీ ఇప్పుడా చలే తగ్గుతోంది. 'ఐస్‌వైన్' అని ఒకటుంది. తీగ మీదే ద్రాక్ష గడ్డకట్టాలి, మైనస్ 7 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉన్నప్పుడు కోసి, మంచుగా ఉండగానే పిండాలి. 2019 పంట ఏడాది జర్మనీలోని 13 వైన్ ప్రాంతాల్లో ఒక్కచోట కూడా ఐస్‌వైన్‌కి సరిపడా చలి రాలేదు. పూర్వం పళ్లు పండితే చాలని దణ్ణం పెట్టుకునేవాళ్లు. ఇప్పుడేమో మరీ తొందరగా పండి, పులుపు పోతుందేమోనని బెంగ. తేలికైన, తక్కువ ఆల్కహాల్ ఉండే పాతకాలపు కాబినెట్ చెయ్యడం ఏటికేడు కష్టమవుతోంది. రీస్లింగ్ రుచి చూడాలనుకునేవాళ్లు అందుకే కాబినెట్‌తో మొదలుపెడితే బాగుంటుంది.

జర్మనీ దాటితే

ఫ్రాన్స్‌లోని అల్జాస్‌లో రీస్లింగ్ ఎక్కువగా తీపి లేకుండా, కాస్త నిండుగా ఉంటుంది. ఆస్ట్రియాలోని వాఖావులో మూడు రకాలు. తేలికైనది ష్టైన్‌ఫెడర్, మధ్యరకం ఫెడర్‌ష్పీల్, బలమైనది స్మరాగ్డ్. ఈ చివరి పేరు తోటల్లో ఎండకి పడుకునే పచ్చ బల్లిది! ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ రీస్లింగ్ అయితే నిమ్మతొక్క గిల్లినట్టు ఘాటుగా, పొడిగా ఉంటుంది. 2000 పంట నుంచి అక్కడి వైన్‌దారులు చాలామంది కలిసి బెరడు బిరడాలు మానేసి మరమూతలకి మారారు. కాబట్టి మరమూత ఉంటే చవకరకం అనుకోవద్దు. అమెరికా సీసాల వెనక ఒక్కోసారి తీపి కొలిచే గీత, దాని మీద బాణం గుర్తు ఉంటాయి. అది చూస్తే మన లెక్కలతో పనే లేదు. మన దేశంలో నాసిక్ నుంచి సులా వాళ్లు కూడా రీస్లింగ్ తెచ్చారు.

ఇంకో మాట. కొన్నేళ్లు దాచిన రీస్లింగ్ మూత తీస్తే పెట్రోల్ బంకు వాసన రావచ్చు. పాడైపోయిందని పారబొయ్యకండి. టీడీఎన్ అనే పదార్థం వయసుతో పాటు పెరగడం వల్ల వచ్చే వాసన అది. కొందరు దానికోసమే కొంటారు.

మూడు సీసాల పరీక్ష

నలుగురు కలిసి డబ్బులేసుకుని మూడు సీసాలు తెచ్చుకోండి. ఒకటి 8, 9 శాతం ఉన్న మోజెల్ కాబినెట్. రెండోది ఫైన్‌హెర్బ్. మూడోది 12 శాతం ఉన్న ట్రోకెన్, లేదంటే క్లేర్ వ్యాలీది. ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి, తాగే ముందు పది నిమిషాలు బయట ఉంచండి. పొడిది ముందు, తియ్యనిది చివర. వరస తిప్పితే పొడిది ఒట్టి పులుపులా తోస్తుంది.

పక్కన మన తిండే పెట్టుకోండి. ఆల్కహాల్ కారాన్ని ఎగదోస్తుంది. అందుకే 14 శాతం రెడ్ వైన్‌తో కోడివేపుడు తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. 8 శాతం కాబినెట్ అయితే దాని తీపి ఆ మంటని సర్దేస్తుంది. గోంగూర ముందు మామూలు వైన్లు చప్పబడిపోతాయి, రీస్లింగ్ పులుపు మాత్రం నిలబడుతుంది. చేపల వేపుడికి ట్రోకెన్ బాగా కుదురుతుంది.

తియ్యగా ఉందని నీళ్లలా తాగెయ్యొద్దు. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 8 శాతందైనా 9 గ్రాములు దాటుతుంది. ఆరోగ్యానికి బొత్తిగా హాని చెయ్యని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. తాగితే బండి తాళాలు ఎవరికైనా ఇచ్చేయండి. అసలు అలవాటు లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టక్కర్లేదు, నిమ్మ షర్బత్ ఉండనే ఉంది.

అలవాటున్నవాళ్లు మాత్రం ఈసారి రీస్లింగ్ కనిపిస్తే ముందు అంకె చూడండి, తర్వాత 'ట్రోకెన్' ఉందో లేదో వెతకండి. మీకు నచ్చే సీసా అదో కాదో అక్కడే తెలిసిపోతుంది.