కలసి ఆడే లెక్కలు

గణితం పేరు వినగానే ముఖం వాడిపోయే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. వారు మందబుద్ధులు కారు. గోదావరి డెల్టా గ్రామాలలో ఆ పిల్లలే కొబ్బరికాయల బేరాన్ని నోటిలెక్కతో తేలుస్తారు. ఎకరానికి నూరు సెంట్ల చొప్పున పొలం కౌలును గట్టు మీద నిలబడే లెక్కకడతారు. కాని నల్లబల్ల ముందుకు పిలిస్తే వారి చేతిలో సుద్దముక్క వణుకుతుంది. బయట తెలిసిన లెక్క తరగతి గదిలో తెలియనిదిగా ఎందుకు మారుతున్నది? విద్యను గురించి ఆలోచించే వారందరూ వేసుకోవలసిన ప్రశ్న ఇది.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005లో భాగంగా గణిత బోధనను పరిశీలించిన నిపుణుల బృందం, అత్యధిక సంఖ్యాకులైన పిల్లలలో గణితం పట్ల భయం, ఓటమి భావం నెలకొని ఉన్నాయని గుర్తించింది. ఈ భయానికి మూలం అంకెలలో లేదు. చాలావరకు ఒంటరితనంలో ఉన్నది. చరిత్ర పాఠంలో సగం తెలిసినవాడు సగం చెప్పి కూర్చోగలడు. లెక్కలో తప్పు జరిగితే అది వెంటనే అందరి కంటా పడుతుంది. నవ్వులపాలైన విద్యార్థి మరునాడు సందేహం అడగడు. అడగనివాడికి తెలియదు. తెలియనివాడు మరింత భయపడతాడు. ఈ వలయాన్ని ఛేదించగల సాధనాలలో సామూహిక క్రీడ ముఖ్యమైనది.

అయితే ప్రతి ఆటా ఈ ప్రయోజనాన్ని నెరవేర్చదు. ముందుగా జవాబు చెప్పినవారికి మార్కులు ఇచ్చే పోటీలో, చురుకైన ఇద్దరు ముగ్గురు ఆడుతారు, మిగిలినవారు చూస్తారు. వెనుకబడినవాడికి తన వెనుకబాటు మరొకసారి రుజువవుతుంది. సహకార క్రీడ స్వభావం వేరు. అందులో ఒక్కడు గెలవడం అసాధ్యం. అందరూ కలిస్తేనే గెలుపు. తెలుగువారి పులిజూదంలో ఈ సూత్రం దాగి ఉన్నది. మూడు పులులు, పదిహేను మేకలు. వెనుక గడి ఖాళీగా ఉన్న మేకపై నుంచి పులి దూకి దానిని చంపుతుంది. వెనుక మరొక మేక అండగా నిలిస్తే ఆ పులి ఏమీ చేయలేదు. గణితమనే పులి ముందు విద్యార్థికి కావలసింది ఆ అండే.

గణితాన్ని జనానికి దగ్గర చేయాలనే తపన గోదావరి తీరానికి కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కాలం వాడని, పిఠాపురం సమీపంలోని నవఖండవాడను అగ్రహారంగా పొందాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. పద్యంలో చెప్పిన లెక్క చెవికి ఇంపుగా ఉంటుంది. నలుగురి నోటా నిలుస్తుంది. శాస్త్రాన్ని ఆనందంతో జోడించడం తెలుగువారికి తొలినాటి నుంచీ తెలుసు.

ఆధునిక కాలంలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. 1980ల దశకంలో బ్రిటన్ ప్రభుత్వ సహకారంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, చేయడం ద్వారా నేర్చుకోవడాన్ని, జట్టు పనిని, స్థానిక పరిసరాల వినియోగాన్ని తన బోధనా సూత్రాలలో చేర్చింది. అంతకు ముందు 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్లజాతి, నల్లజాతి పిల్లలు ఒకే తరగతిలో చేరినప్పుడు వారి మధ్య వైరం తలెత్తింది. మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ తన సహచరులతో కలిసి అక్కడ ఒక పద్ధతిని ప్రవేశపెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులోని ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చాడు. ఎదుటివాడు చెప్పేది వినకపోతే పాఠం పూర్తికాదు. అవసరం వినడాన్ని నేర్పింది. వినడం గౌరవాన్ని పెంచింది.

ఈ పద్ధతి గణితానికి చక్కగా అమరుతుంది. నలుగురు విద్యార్థుల జట్టుకు నాలుగు చీటీలు ఇచ్చి, ఒక రాశిలో ఎన్ని కొబ్బరికాయలు ఉన్నాయో చెప్పమనవచ్చు. కాయలు ఎనభైకి లోపే అని ఒక చీటీ చెబుతుంది. మూడేసి చొప్పున కుప్పలు పెడితే ఒకటి మిగులుతుందని రెండవది, నాలుగేసి పెట్టినా ఒకటి మిగులుతుందని మూడవది, ఏడేసి పెడితే ఏమీ మిగలదని నాలుగవది చెబుతాయి. చీటీని ఎవరికీ చూపకూడదు, మాటతోనే చెప్పాలి. నాలుగు మాటలూ కలిసినప్పుడు జవాబు 49 అని తేలుతుంది. ఏ ఒక్క చీటీ లోపించినా ఒకటికంటే ఎక్కువ జవాబులు నిలుస్తాయి. కాబట్టి ఎన్నడూ నోరు విప్పని విద్యార్థి మాట కోసం కూడా మిగిలిన ముగ్గురూ ఎదురుచూడవలసి వస్తుంది.

జూనియర్ కళాశాల స్థాయిలో సంభావ్యత పాఠానికి అష్టాచెమ్మా ఆటే ప్రయోగశాల. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందని అనుకుంటే మొత్తం 16 పర్యవసానాలు ఏర్పడతాయి. అందులో రెండు గవ్వలు వెల్లకిలా పడేవి ఆరు; అష్టా ఒక్కటే. నలభైమంది ఉన్న తరగతిలో పది జట్లు ఒక్కొక్కటి యాభైసార్లు గవ్వలు వేస్తే 500 ఫలితాలు వస్తాయి. సూత్రం ప్రకారం రెండు వెల్లకిలా పడేవి సుమారు 188, అష్టాలు సుమారు 31 రావాలి. కాని గవ్వకు ఒక వైపు వీపు, మరొక వైపు చీలిక. అది నాణెం వలె పడాలన్న నియమం లేదు. లెక్కకూ గవ్వకూ ఎంత తేడా ఉన్నదో పుస్తకం చెప్పలేదు. ఒక్క విద్యార్థి వేసే పది పందేలూ చెప్పలేవు. తరగతి అంతా తన ఫలితాలను ఒకచోట కూడితేనే సత్యం రూపుకడుతుంది.

ఈ విధానంపై కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. ఆటలతో కాలం వృథా అయి పాఠ్యప్రణాళిక పూర్తికాదన్నది మొదటిది. ఉపాధ్యాయుడు చెప్పడం పూర్తయినంత మాత్రాన విద్యార్థి నేర్చుకోవడం పూర్తయినట్లు కాదు. వారానికి ఒక్క పీరియడు ఆటకు కేటాయించినా, మిగిలిన పీరియడ్లలో వినేవారి సంఖ్య పెరుగుతుంది. జట్టులో ఒకడు చేస్తే ముగ్గురు చూసి రాసుకుంటారన్నది రెండవది. ఇది నిజమైన ప్రమాదమే. అందుకే జవాబును వివరించే వ్యక్తిని చీటీ తీసి ఎన్నుకోవాలి. ఎవరి పేరు వస్తుందో తెలియనప్పుడు, తెలిసినవాడు తెలియనివాడికి నేర్పక తప్పదు. నేర్పడంలో అతని జ్ఞానమూ గట్టిపడుతుంది.

పరీక్ష ఒంటరిగానే రాయాలి కదా అన్నది మూడవ అభ్యంతరం. డెల్టా పిల్లలు నలుగురితో కలిసి కాలువలో దిగి ఈత నేర్చుకుంటారు. నేర్చిన తరువాత ఎవరికి వారే ఈదుతారు. గణితమూ అంతే. ఏకాంతంలో చేసే సాధనకు ఆట ప్రత్యామ్నాయం కాదు. ఆ సాధనకు కావలసిన ధైర్యాన్ని ఇచ్చే మెట్టు. 2020 నాటి జాతీయ విద్యావిధానం సైతం గణిత బోధనలో పజిళ్లను, ఆటలను క్రమంగా ఉపయోగించాలని సూచించింది. ఆ సూచన కాగితం దాటి తరగతి గదిలోకి రావడం ఉపాధ్యాయుల చొరవపైనా, తల్లిదండ్రుల సహనంపైనా ఆధారపడి ఉన్నది. తరగతిలో వినిపించే సందడినంతా అల్లరిగా భావించే దృష్టి మారాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి నీరు కాలువల వెంట పొలాలకు చేరింది. కాలువ ఎంత బాగా పారినదీ తేల్చేది తలాపున ఉన్న పొలం కాదు, శివారు భూమి. గణిత తరగతికీ అదే కొలమానం. ముందు బల్లపై కూర్చున్నవారికి లెక్క ఎలాగూ అందుతుంది. చివరి బల్లపై తలవంచుకొని కూర్చున్న విద్యార్థికి కూడా అందినప్పుడే ఆ బోధన సార్థకమవుతుంది. సహకార క్రీడ ఆ చివరి బల్ల వరకు తవ్వవలసిన పిల్లకాలువ.