చేటకు నిర్వచనం రాయలేని చదువు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అదే ఏడాది తెల్లదొరలు నేరస్త జాతుల చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. గంపలల్లి, సోదె చెప్పి, గాడిదల మీద ఉప్పు మోసి బతికిన ఎరుకలవాళ్ళు ఆ చట్టం కింద పుట్టుకతోనే నేరస్తులయ్యారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు, పోలీసు కాపలా అన్నీ వచ్చాయి. కానీ లాఠీ కంటే ముందు వచ్చింది ఒక వాక్యం. ఫలానా తెగ నేరాలకు అలవాటు పడిందని సర్కారు నమ్మితే చాలు, అది నేరస్త జాతి అవుతుంది. ఇంగ్లీషులో పద్ధతిగా రాసిన నిర్వచనం అది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. నిర్వచనం వేసిన ముద్ర మాత్రం జనం నోళ్ళలో ఇంకా చెరగలేదు.

ఇది తెలిసి కూడా మన యువకుల్లో కొందరు, "పద్ధతిగల ఇంగ్లీషు మనకెందుకు? మన బాధ మన మాటలో చెప్పుకుంటాం" అంటున్నారు. ఎరుకల భాష, గోర్ బోలీ, యానాదుల మాట బతకాలనే మేమూ అంటాం. పాట మన భాషలోనే పాడదాం. కానీ హైకోర్టు తీర్పు, విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథం, ఢిల్లీలో తయారయ్యే చట్టం మన పాట విని రాయరు. అక్కడ మనం ఎవరమో తేల్చేది నిర్వచనం. దాన్ని చదవడం, తప్పు పట్టడం, మారుగా మరొకటి రాయడం మనకు రాకపోతే ఎదుటివాడు రాసిందే మన పేరవుతుంది.

ఇంకో పక్క గైడు చదువు ఉంది. దాని లెక్కలో డెఫినిషన్ అంటే రెండు మార్కుల ప్రశ్న. హాస్టలు పిలకాయలు కిరణజన్య సంయోగక్రియ నిర్వచనాన్ని ఇంగ్లీషులో కామా కూడా పోకుండా అప్పజెబుతారు. ఇంట్లో రోజూ అమ్మ చేతిలో చూసే చేట అంటే ఏమిటో రాయమంటే పెన్ను కదలదు. కదిలినా 'ఈజ్ వెన్' అని మొదలవుతుంది. చేట ఒక వస్తువు. వస్తువును చెప్పేటప్పుడు 'ఎప్పుడు' ఎందుకొస్తుంది? బట్టీ పట్టిన నిర్వచనం అరువు చొక్కా లాంటిది, మన కొలతకు సరిపోదు.

నిర్వచనం రాయడం బ్రహ్మవిద్య కాదు. ముందు పేరు, తర్వాత అది ఏ రకం వస్తువో, ఆ తర్వాత ఆ రకంలో మిగతా వాటికీ దీనికీ తేడా. చేట అంటే చీల్చిన వెదురు బద్దలతో అల్లిన వెడల్పాటి పళ్ళెం. మూడు వైపుల అంచు లేచి, ఒక వైపు తెరిచి ఉంటుంది. ధాన్యం చెరగడానికి వాడతారు. తెరిచిన వైపును వదిలేస్తే అది తట్టతో కలిసిపోతుంది. చెరగడం వదిలేస్తే దాని పనే తెలియదు. తేడా ఇంత కచ్చితంగా తెలిసిన పిల్లకు ఇంగ్లీషు మాటలు వెతుక్కోవడం పెద్ద పని కాదు.

రాసింది సరిగా ఉందా అని చూడటానికి మన తర్కశాస్త్రం మూడు దోషాలు చెప్పింది. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా వస్తుంది, అది అతివ్యాప్తి. కపిల రంగుది ఆవు అంటే తెల్లావు పోతుంది, అది అవ్యాప్తి. ఒంటి గిట్టది ఆవు అంటే అసలు ఆవే ఉండదు, అది అసంభవం. ఈ మూడూ చేతబట్టుకుని సర్కారు కాగితాలు చదవండి. 1927 భారత అటవీ చట్టం చెట్టు అన్న మాటలో వెదురును కలిపింది. వెదురు గడ్డిజాతిది. 90 ఏళ్ళ తర్వాత, 2017లో, ఆ ఒక్క మాట తీసేశారు. ఒక అతివ్యాప్తి అన్నాళ్ళు చట్టంలో కూర్చుంది. మన రాష్ట్రానికి 1967 అటవీ చట్టం వేరే ఉంది. అందులో చెట్టు అంటే ఏమని రాశారో తరగతిలో తెరిపించి చదివించండి.

1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగలను గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, బయటివారితో కలవడానికి బెరుకు, వెనుకబాటు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన సుగాలీలకు బెరుకా? రైతు పొలంలో కుండతో పొగబెట్టి ఎలుకలు పట్టి పంట కాపాడిన యానాదికి బయటివారితో సంబంధం లేదా? మన తెగల జాబితా ఇలాంటి కొలబద్దలతో నడుస్తుంటే, అవ్యాప్తి ఎక్కడుందో చూపాల్సింది మనమే.

మంచి నిర్వచనం మనకు ఆయుధం కూడా. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంలో వెదురు, తేనె, మైనం, దుంపలు, మందు మొక్కలు పేరుపేరునా రాసింది. అక్కడ 'ఇన్‌క్లూడ్స్' అని ఉంది. చట్టంలో 'మీన్స్' అంటే తలుపు మూసినట్టు, 'ఇన్‌క్లూడ్స్' అంటే తెరిచి ఉంచినట్టు. అయినా ఆ మాట మొక్కల నుంచి వచ్చే వాటికే. చేపలు అందులో రావు, సెక్షన్ 3లో మరో క్లాజులో ఉన్నాయి. ఇది చదవలేని అర్జీ తప్పు క్లాజు కింద చేప అడిగి ఉత్త చేతులతో తిరిగొస్తుంది.

ఇక పద్ధతిగల శైలి గురించి. లావుపాటి మాటలు పేర్చడం శైలి కాదు. ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎంత అన్నది దాచకుండా, తిట్టకుండా, బతిమాలకుండా చెప్పడం శైలి. శ్రీహరికోటలో తరతరాలుగా ఉన్న యానాదుల గురించి 'తరలించబడ్డారు' అని రాస్తే వాక్యం నున్నగా ఉంటుంది, తరలించిన చెయ్యి మాత్రం మాయమవుతుంది. 1969లో ప్రభుత్వం ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేసింది, అక్కడి యానాదులను ఖాళీ చేయించింది అని రాస్తే కర్త కనపడతాడు. కర్త ఉన్న వాక్యాన్నే ప్రశ్న అడగగలం.

టీచర్లారా, ప్రతి బడిలో ఒక నోటుబుక్కు పెట్టండి. నెలకు పది మాటలు చాలు. గంప, చేట, తండా, దుంప, వల. పిలకాయలు ముందు ఇంటి భాషలో, తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లీషులో రాయాలి. మూడు దోషాలు పక్క పిల్లాడి చేత పట్టించండి. డిగ్రీ, పీజీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ సిద్ధాంత గ్రంథంలో మన తెగ పేరు వచ్చిన చోట పాత దొర రాసిన వాక్యాన్ని దించుకోవద్దు. పరీక్షించి, దోషం చూపి, మీ వాక్యం రాయండి. చేటతో పొట్టును, గింజను వేరు చేసిన చేతులు మనవి. మాటల్లోనూ ఆ పని చేద్దాం.